ఏడో ప్రశ్నకు ముప్పై ఎనిమిది తప్పులు

"ఎల్లమ్మల పేరు రాయించుకోవాల్నట గదా సార్. బోనం ఎన్నడు?" అని అడిగాడు పోచయ్య, చేతి తొడుగులు విప్పుతూ.

నేను చెప్పింది ఎల్లెమ్మెస్. ఫోన్లో పాఠాలు చూపించి, పరీక్ష పెట్టి, మార్కులు భద్రపరిచే యాప్‌ను మా ఆఫీసులో అలా పిలుస్తాం. ప్రెస్ షాపు రొదలో అది ఎల్లమ్మ అయింది. అమ్మవారి మొక్కు అనుకొని ముప్పై ఎనిమిది మందీ పేర్లిచ్చారు. శిక్షణాధికారిగా నాకు ఇంత హాజరు ఎన్నడూ రాలేదు కనుక నేనూ సరిదిద్దలేదు.

పటాన్‌చెరు దగ్గరి మా ఫ్యాక్టరీలో ఇనుప రేకుల్ని ప్రెస్ యంత్రాల అచ్చుల్లో ఒత్తుతారు. భద్రత పాఠాలు ఏసీ గదిలో కూర్చుని నేనే తయారుచేశాను. శిక్షణలో శిక్ష కనబడకూడదని ఒక్కో పాఠం నాలుగు నిమిషాలు, నిండా బొమ్మలు, చివర పది ప్రశ్నలు.

ఏడో ప్రశ్న: రేకు ఇరుక్కుంటే మొదట ఏం చేయాలి? ఎర్ర బటన్ నొక్కాలి. మార్కు ఊరికే పంచడానికి పెట్టిన ప్రశ్న. ముప్పై ఎనిమిది మందీ తప్పారు. అందరిదీ ఒకటే తప్పు: గోడ మీది మెయిన్ స్విచ్ ఆపాలి.

మేనేజర్ దుర్గాప్రసాద్ నన్ను పిలిపించారు. "నరసరాజు గారూ, అందరికీ ఒకే ఒప్పొస్తే అది చదువు. ఒకే తప్పొస్తే కాపీ."

అందరికంటే ముందు పరీక్ష ముగించింది పోచయ్య. కాబట్టి దొంగ జవాబు అతనిదే అన్నారు. పన్నెండేళ్ల కాంట్రాక్టు తర్వాత అతన్ని పర్మనెంట్ చేసే కాగితం ఆయన బల్ల మీదుంది. కాపీ సంగతి సాయంత్రంలోగా తేల్చమని, ఆ కాగితాన్ని బోర్లా తిప్పారు.

కాఫీ పట్టుకుని కాపీ వెతకడానికి క్యాంటీన్‌కు వెళ్లాను. నన్ను చూడగానే మాటలు ఆగాయి. ఒకతను ఫోను జేబులో దోపుకున్నాడు. నా అనుమానం బలిసింది. వాళ్ల అనుమానం అంతకన్నా పుష్టిగా ఉందని తర్వాత తెలిసింది: ఈ పరీక్ష మనుషుల్ని పనిలోంచి తీసేయడానికే పెట్టారట.

చివరికి పోచయ్యనే సూటిగా అడిగాను, ఏడో జవాబు ఎవరు చెప్పారని.

"మూడో నంబర్ ప్రెస్ చెప్పింది. రాండ్రి, సూపిస్త."

నడుస్తున్న ప్రెస్ ముందు నిలబడి, ఎర్ర బటన్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ప్రెస్ దాని మానాన అది దిగింది, లేచింది, మళ్లీ దిగింది.

"ఎండకాలం సంది గింతే సార్. ఎన్నిసార్లు చెప్పినా ఎవ్వలు రాలే. అందరం వంతులకు దీని మీదికే వస్తం. కొత్తోడు రాంగనే చెప్తం, రేకు ఇరికితే గోడ దిక్కు ఉరుకు అని."

ఎర్ర బటన్ అని పెట్టుంటే మార్కు వచ్చేది కదా అన్నాను.

"మార్కొస్తది. మేమే గట్ల పెడితే కొత్తోడు నిజమనుకుంటడు. నొక్కి, చెయ్యి లోపల పెడతడు."

నా పాఠంలో ఆ బటన్ ఫొటో ఉంది, యంత్రం కంపెనీ పుస్తకంలోంచి తీసింది. ఈ ప్రెస్ దగ్గరికి నేను ఒక్కసారైనా రాలేదు.

దుర్గాప్రసాద్ గారిని తీసుకొచ్చాను. ఆయన రెండుసార్లు నొక్కి చూశారు. మూడోసారి నొక్కలేదు. గోడ దగ్గరికి నడిచి, మెయిన్ ఆపారు. బాగయ్యేదాకా ప్రెస్ బంద్ అన్నారు. పోచయ్య పర్మనెంట్ కాగితం తెప్పించి, నిలబడే సంతకం చేశారు.

షిఫ్టు మొత్తాన్ని అక్కడే నిలబెట్టి నేను ఒప్పుకున్నాను: ఇది కాపీ కాదు, వాళ్ల జవాబే సరైనది, ఏడో ప్రశ్నలో ఫెయిలయింది నేను. పరీక్ష ఎవరినీ తీసేయడానికి కాదు. కొత్త పాఠం ఈ ప్రెస్ పక్కనే కూర్చుని, వాళ్లతో కలిసి రాస్తాను. పనిలో పనిగా, అది ఎల్లమ్మ కాదు, ఎల్లెమ్మెస్ అనీ చెప్పాను.

పోచయ్య నా వైపు అనుమానంగా చూశాడు.

"మరి ఎల్లమ్మకని రాసుకున్న మా పేర్లు ఏం జేస్తరు సార్?"