పక్క దారి

విమానాలకు దారి చెప్పే కేంద్రంలో తీగల పని చూసే ఇంజనీరమ్మకు ఒక గర్వం ఉండేది. ఎవడైనా కావాలని తీగ తెంపినా రాడారూ, రేడియో ఆగకుండా రెండో తీగ వేయించింది తనే. ఆ సంగతి కనపడిన ప్రతివాళ్లకూ చెప్పి బుర్ర తినేసేది.

ఆ రోజు పదకొండింటికి దానికి పరీక్ష. తనిఖీ అధికారి వచ్చి మొదటి తీగను ఆపేస్తాడు. రెండోది వెంటనే అందుకోవాలి.

పదిన్నరకే గదిలో తెరలన్నీ నల్లబడ్డాయి. పైలట్ల గొంతులు వినపడడం మానేశాయి. ఆకాశంలో ముప్ఫై ఒక్క విమానాలున్నాయి. వాటిలో ఒకదాన్ని నడుపుతున్నది ఆవిడ సొంత చెల్లెలు.

ఇంజనీరమ్మకు ఒళ్లు మండింది. అధికారికి ఫోన్ చేసి విరుచుకుపడింది.

"టైమ్ కాకుండానే మొదలుపెట్టేశారేంటండీ? పైగా రెండూ ఆపేస్తారా?"

"నేనింకా గేటు దగ్గరే ఉన్నాను మేడమ్. పాస్ కూడా ఇవ్వలేదు. నేనేం ఆపలేదు."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. షిఫ్టు పెద్దాయన సెల్‌ఫోన్లో పొరుగు కేంద్రం కోసం ప్రయత్నిస్తుంటే, తీగల గుంట దగ్గరికి పరుగెత్తింది. మూత పక్కకు లాగేసి ఉంది. లోపల ఒకటి కాదు, రెండు తీగలు. రెండూ ఒకే కోతకు తెగి ఉన్నాయి.

పరీక్ష కోసం పిలిపించిన, ఆ తీగలు వేసిన మేస్త్రీ కూడా ఆయాసపడుతూ వచ్చాడు.

"రెండోది ఇక్కడికెలా వచ్చింది?" అని అరిచింది.

"మీరు రాసినట్టే వేశామమ్మా." అతను ఫోన్లో ఆవిడ సంతకమున్న కాగితం చూపించాడు. "రెండో తీగ పక్క దారిలో వేయాలన్నారు. దీని పక్కనే వేశాం. జానెడు దూరం కూడా వదిలాం."

పక్క దారంటే ఆవిడ మనసులో ఉన్నది గోడ అవతలి రోడ్డు. పేజీలకు పేజీలు రాసిన మహాతల్లికి 'వేరే' అనే రెండక్షరాలు రాయడానికి చేయి రాలేదు. పని అయ్యాక మూత ఎత్తి చూసిన పాపాన కూడా పోలేదు.

తెరలు నల్లబడిన ఏడు నిమిషాలకు పొరుగు కేంద్రం విమానాలన్నిటినీ తన రేడియోలోకి తీసుకుని, ఒక్కొక్కటిగా దింపింది. కోసినవాడు దొరకలేదు.

మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, దిగానే! పొరుగువాళ్లు అందుకున్నారు. నువ్వెప్పుడూ చెప్పే రెండో దారి అదేగా? బతికించావే తల్లీ!"

అవునంటే సరిపోయేది. కానీ అలా అనడానికి ఇంజనీరమ్మకు నోరు రాలేదు.

"అది కాదే. నా రెండో దారి అసలు లేనే లేదు. తప్పుగా రాసింది నేనే."



"ఆ ఏడు నిమిషాల్లో ఒక విమానం నాకెదురుగా వచ్చిందక్కా," అంది చెల్లెలు. "కంటికి కనబడింది కాబట్టి తప్పించాను. నా వెనకాల నూట ఎనభై మంది ఉన్నారు."