రామచందర్ సారు లాగిన్

మా చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ కంటే ముందు దాని మీద అలకలు మొదలయ్యాయి.

అది ఎనభై ఎనిమిది సీజను. ఏసీ గదిలో ఒక పెద్ద పెట్టె పెట్టారు. దాని నుంచి తీగలు లాగి ఆఫీసులో అక్కడక్కడా టెర్మినళ్లు బిగించారు. యూనిక్స్ అని చెప్పారు. హైదరాబాదులో నేర్చుకుని వచ్చాను కాబట్టి దాని బాధ్యత నాకు అప్పగించారు. ఎవరికి ఏ పేరుతో లాగిన్ ఇవ్వాలి, ఏ ఫైలు ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఇవన్నీ పెట్టడమే నా పని. ఇంత పాపిష్టి ఉద్యోగం జహీరాబాదు మొత్తంలో ఇంకోటి లేదని నాకప్పుడు తెలియదు.

నేను చాలా సీదాగా ఆలోచించాను, పిచ్చిదాన్ని. చెరకు కటింగ్ ఆర్డర్ల ఫైలు తీసుకోండి. ఏ రైతు చెరకు ఎప్పుడు నరకాలో అందులో ఉంటుంది. దాన్ని మార్చే హక్కు చెరకు మేనేజరుకు. ఆయన కింద పనిచేసేవాళ్లు చూడొచ్చు, మార్చలేరు. మిగతావాళ్లకు దాంతో పనే లేదు, కనుక చూడనూ లేరు. అంతే కదా? అంతే అనుకున్నాను.

స్టోర్ కీపర్ అమర్నాథ్ సారు మొదట వచ్చాడు. "ఏం భాగీరథమ్మా, నేను చూస్తే ఆ ఫైలు మైల పడ్తదా? నేనేమన్న దొంగనా?" అన్నాడు. ఆయనకు చెరకుతో ఏం పని? నట్లూ బోల్టులూ లెక్క చూసుకునే మనిషి! అకౌంటెంటు మాట్లాడటమే మానేశాడు. క్యాంటీన్‌లో నేను ఎదురైతే గ్లాసు పట్టుకుని పక్క టేబుల్‌కి పోయేవాడు. పెళ్లిలో బొట్టు పెట్టి పిలవలేదని అలిగే మేనత్తలు నయం. వాళ్లకైనా పప్పన్నం మీద ఆశ ఉంటుంది. వీళ్లకు ఆ ఫైలు తెరవడమే రాదు.

ఒక్క మేనేజరు రామచందర్ సారు మాత్రం పొంగిపోయాడు. మార్చే హక్కు తనొక్కడికే ఉందంటే ఆయనకు పండగే. కోహీరు నుంచి వచ్చిన రైతులకు ఆ టెర్మినల్‌ని చూపించి, "గిది నా పేరు మీదనే నడుస్తది. ఇంకెవ్వడు ముట్టినా కదల్దు" అని చెప్పుకునేవాడు.

మరి ఆయన ముట్టుకున్నాడా? రామ రామ! టైపు కొట్టడం గుమాస్తాల పని. ఆయన స్థాయి ఏమిటి, ఆ మీటలేమిటి. లాగిన్ వచ్చిన మొదటి వారమే తన కింద పనిచేసే ఫీల్డు సూపర్‌వైజరు రేవణసిద్ధప్పను తన గదిలో టెర్మినల్ ముందు కూర్చోబెట్టి, తాను టేబుల్ దగ్గర్నుంచే పాస్‌వర్డు కేకేసి చెప్పాడు. "పెద్దపులి కొట్టు సిద్ధప్పా! పెద్దపులి!" సగం తలుపుల ఆఫీసు మాది. వరండాలో పేడ కడుక్కుంటున్న బండి తోలేవాడు కూడా విన్నాడు. క్యాంటీనాయన చాయ్ తెస్తూ "పులి సారుకు చక్కెర లేకుండనా?" అని అడిగేదాకా వెళ్లింది.

నేను ఉండబట్టలేక లోపలికి వెళ్లి చెప్పాను. "సార్, ఆ మాట మీకొక్కరికే తెలియాలి. అది తెలిసినవాళ్లు ఏం చేసినా మీరే చేసినట్టు పడ్తది."

ఆయన నవ్వాడు. "కారు నాది. డ్రైవర్ నడుపుతడు. అయితే కారు వానిదైతదా? నువ్వు జర ఫికర్ తగ్గించుకో అమ్మా."

ఏం చెప్తాం అట్లాంటి మనిషికి! వచ్చి నా టెర్మినల్ ముందు కూర్చున్నాను.

ఆ తర్వాత యాదమ్మ వచ్చింది. ఝరాసంగం పక్క పల్లె. భర్త పోయాక సొంతంగా సేద్యం చేసుకుంటున్న మనిషి. ఉన్నదంతా చెరకే వేసింది. ఆమె కటింగ్ ఆర్డర్ సంక్రాంతి దాటగానే రావాలి. ఇంటికి వచ్చి చెప్పిపోయారు కూడా. శివరాత్రి దగ్గరపడింది, చెరకు నరికే కూలీల టోలీ రాలేదు. వెళ్లి అడిగితే ఆమె పేరు ఎండాకాలం చివరికి పోయిందని రేవణసిద్ధప్ప చెప్పాడట. "నేనేం జెయ్యాలె, కంప్యూటర్ల అట్లనే వచ్చింది" అన్నాడట.

నా టెర్మినల్ ముందుకు వచ్చి నిలబడింది. చేతిలో ఒక చెరకు గడ. దాన్ని నా ముందే విరిచి చూపించింది. మధ్యలో తెల్లగా బెండు పడుతోంది.

"బాయిల నీళ్లు అయిపోయినయి బిడ్డా. పూత గూడ వచ్చింది. ఈ వారంల నరకకుంటే ఇగ పొయ్యిల పెట్టుకునుడే. నా కొడుకుని ఏం పెట్టి సాకాలె? మీ మిషినికి నేనేం అన్యాయం జేసిన?"

తప్పంతా మిషనుదేనని నమ్మించారు పాపం ఆమెను. నాకు ఒళ్లు మండింది. ఫైలు తీసి చూశాను. యాదమ్మ ఉండాల్సిన చోట రేవణసిద్ధప్ప బావమరిది ఉన్నాడు, న్యాల్‌కల్ మనిషి. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో ఆ పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. మార్చింది రామచందర్ సారు పేరు మీద. మార్చిన రోజు ఆయన బీదర్‌లో మేనకోడలి పెళ్లిలో ఉన్నాడు. మర్నాడు ఆఫీసంతా లడ్డూలు తిన్నది ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

"నువ్వే మార్చరాదా?" అంది యాదమ్మ.

మార్చడం నాకు నిమిషం పని. కానీ పులి మాట సిద్ధప్ప నోట్లో ఉన్నంతకాలం నేను పొద్దున ముందుకు తెస్తే అతను మధ్యాహ్నానికి వెనక్కి నెడతాడు. "ఇది సారు చేతనే చేయించాలె అత్తా, రా" అని ఆమెను లోపలికి తీసుకుపోయాను. సిద్ధప్ప అక్కడే ఉన్నాడు. ఇంకా మంచిది అనుకున్నాను.

ఉన్నదున్నట్టు చెప్పాను. సారు పేరు మీద ఫైలు మారిందని, ఆ రోజు సారు ఊళ్లోనే లేడని, పాస్‌వర్డు తెలిసినవాళ్లెవరో మార్చారని. సిద్ధప్ప మొహం పాలిపోయింది. ఇంకొక్క మాటలో పని అయిపోయేది. "నేను కాదు" అని సారు అంటే చాలు.

రామచందర్ సారు కిటికీ వైపు చూశాడు. అవతల రైతులు నిలబడి వింటున్నారు. తన పేరుతో ఇంకెవడో రాజ్యం చేస్తున్నాడని వాళ్ల ముందు ఒప్పుకోవడమా!

"నేనే మార్చిన" అన్నాడు.

నేను ఊరుకోలేదు. "బీదర్‌ల కూసొని మార్చిన్రా సార్?"

"నేను యాడ కూసున్నా మారుస్త. నాకు నువ్వు నేర్పుతవా?"

ఛీ! ఇంత చదువు, ఇంత జీతం, ఇస్త్రీ మడత నలగని ఆ చొక్కా, అన్నీ కలిసి ఈ అబద్ధం కోసమా? బీదర్ నుంచి ఫోను కలవాలంటేనే పూట పట్టే రోజులు. పెళ్లిపందిట్లో కూర్చుని మా టెర్మినల్ మీటలు నొక్కాడట మహానుభావుడు. ఎదురుగా ఒక మనిషి కొంప మునుగుతోంది. ఆయన మాత్రం తన పరువు తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

యాదమ్మ తొందరపడలేదు. "మంచిది సారూ. మీరే మార్చిన్రు గదా. మళ్ల మీరే మార్చుండ్రి" అంది.

"ఒకసారి మార్చిననంటే మార్చిన. ఆర్డర్ ఆర్డరే. పో."

 యాదమ్మ ఆయనకు పూర్తిగా వీపు పెట్టి తిరిగి, రేవణసిద్ధప్పకు రెండు చేతులెత్తి మొక్కింది.

"తెల్వక ఇన్ని దినాలు ఈ పెద్దమనిషిని సారు అనుకున్న. ఈ ఆఫీసుకు నువ్వే సారువంట గద నాయినా. ఈయన్తోని ఏం గాదు. నువ్వన్న దయ జూడు. నా చెరుకు నరికియ్యి సారూ."

కిటికీ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. సిద్ధప్పకు బుద్ధి ఉంటే తల దించుకుని నిలబడేవాడు. కానీ అంతమంది ముందు సారూ అని పిలిపించుకోవడం అతనికి జన్మలో మొదటిసారి. మెత్తబడ్డాడు. "సరే తియ్యి అమ్మా, ఏడ్వకు. నేను జూస్త" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవర్నీ అడగలేదు. ఎప్పటి అలవాటో, చేతులు వాటంతటవే పులిని కొట్టేశాయి. తెర మీద రామచందర్ సారు పేరు పైకి వచ్చింది. "జర జరుగుండ్రి సార్, వెల్తురు వస్తలేదు" అన్నాడు పక్కకు చూడకుండానే.

ఆ మాటతో సారు మొహం మిరపపండులా ఎర్రబడింది.

"లెవ్వు! లెవ్వురా కుర్చీల నుంచి! సారెవరు ఇక్కడ? సారు నేను!"

సిద్ధప్ప లేచి గోడకు అతుక్కుపోయాడు. సారు కూర్చున్నాడు. ఇదే అదను అని నేను పాత పాస్‌వర్డు తీసేసి, "కొత్తది పెట్టుకోండి సార్. ఎవ్వరికీ చెప్పొద్దు" అన్నాను. ఆయన చూపుడు వేలు ఒక్కటి పట్టుకుని అక్షరాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఒకటి నొక్కాడు. తెర మీద ఏమీ రాలేదు. ఇంకోటి నొక్కాడు. రాలేదు.

"మిషిన్ సచ్చింది" అన్నాడు.

"పాస్‌వర్డు కనపడదు సార్. పక్కోళ్లు చూడకుండ అట్ల పెడ్తరు."

"మరి నాకన్న కనపడాలె గద!"

కిటికీ దగ్గర ఈసారి దాచుకోకుండా నవ్వారు. ఇన్నాళ్లూ తన పేరు మీదే నడుస్తుందని చెప్పుకున్న మనిషికి అదొక్కటైనా తెలియదు మరి. రెండుసార్లు తప్పాడు. చెమట చుక్క కళ్లద్దాల మీద పడింది. మూడోసారికి లాగిన్ అయ్యాడు. యాదమ్మ పేరు ఎక్కడుందో నేను చూపించాను. పాత తేదీ చెరిపి, రేపటి తేదీ అంకె తర్వాత అంకె వెతుక్కుంటూ కొట్టాడు. బావమరిదిని ఎక్కడివాణ్ణి అక్కడ కూర్చోబెట్టాడు. అంతా అయ్యాక వెనక్కి వాలి, ఇప్పుడన్నా మొక్కుతుందేమోనని యాదమ్మ వైపు చూశాడు.

ఆమె ఆయన్ను చూడలేదు. నన్ను చూసింది.

"అయ్యిందా బిడ్డా?"

"అయ్యింది అత్తా. రేప్పొద్దున టోలీ వస్తది."

"ఇంత పనికేనా!" అంది యాదమ్మ. కొంగు నడుముకు చుట్టుకుంది, విరిగిన చెరకు గడను ఆయన టేబుల్ మీద పెట్టి, ఝరాసంగం బస్సు దొరకదని వడివడిగా వెళ్లిపోయింది.