వంతెన కార్డు మనిషి

"కార్డు ఇటివ్వండి. కళ్ళజోడు తీయండి. కెమెరా వైపు చూడండి. సరే, వెళ్ళండి."

విమానాశ్రయంలో తనిఖీ బల్ల దగ్గర దెల్ఫీనా అర్రియెతా ఆ ఉదయం ఈ నాలుగు ముక్కలూ అప్పటికే నూట అరవై మందితో అని ఉంటుంది. ఎదుట నిలబడ్డ మొహం, కార్డు మీది మొహం, పక్కనున్న చిన్న తెర మీద యంత్రం అప్పుడే తీసిన మొహం. మూడూ ఒకరివే అయితే తల ఊపాలి. ఆమె పొట్టి మనిషి కావడం వల్ల ఎత్తు కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనవు. కుర్చీ కింది కడ్డీ మీద మడమలు ఆనించుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నానికల్లా మోకాళ్ళు పట్టేస్తాయి. నీలం చొక్కా, ఛాతీ మీద ఇంటిపేరు చెక్కిన రేకు, మెడలో చిన్న భూతద్దం. కొత్త యంత్రం వచ్చాక భూతద్దంతో పని లేదు. అయినా ఆమె తీసేయలేదు. కార్డుల అంచులు పట్టి పట్టి ఎడమ బొటనవేలి కొస కాయకట్టింది.

వరసలో ఓ ముసలాయన కార్డు ఇచ్చాడు. దెల్ఫీనా దాన్ని యంత్రంలో పెట్టకుండానే తిరిగి ఇచ్చేసింది.

"తాతగారూ, ఇది గ్రంథాలయం కార్డు."

"అయితే ఏం తల్లీ, అందులోనూ నా పేరే ఉందిగా!"

"పేరుంటే సరిపోదు. మొహం ఉండాలి."

"ఈ మొహాన్ని ఎవరు దొంగిలిస్తారమ్మా," అని గొణుక్కుంటూనే ఆయన జేబులన్నీ తడిమి లైసెన్సు తీశాడు. వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. దెల్ఫీనా నవ్వలేదు. బల్ల దగ్గర నవ్వకూడదని ఎవరూ చెప్పలేదు గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె తనకు తనే పెట్టుకున్న నియమాల్లో అదొకటి.

ఎనిమిదింటికి పావుగంట విరామం. వెనక గదిలో బల్ల మీద కాగితం విప్పి, బీన్సు, కాల్చిన పచ్చిమిరపకాయలు చుట్టిన రొట్టె తింటోంది. సామాన్లను తెర మీద చూసే పనిలో ఉండే ఇగ్నాసియో కాఫీ పట్టుకుని వచ్చాడు. అందరూ అతన్ని నాచో అంటారు. ఆమెకన్నా ఏడేళ్ళు చిన్నవాడు.

"ఇవాళ కూడా బీన్సేనా దెల్ఫీ అక్కా? కడుపులో ఏమన్నా గ్యాసు కంపెనీ పెట్టావా?"

"నువ్వు నోట్లో రేడియో స్టేషన్ పెట్టావుగా, ముందు అది ఆపు."

"నేను ఆపితే ఇక్కడ మాట్లాడే దిక్కెవరు? నువ్వు మాట్లాడతావా?"

ఆమె కాగితాన్ని ఉండ చుట్టి బుట్టలో వేసింది. నాచో అన్నది నిజమే. ఆమె పందొమ్మిదేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నా, ఆమె గురించి ఇక్కడ ఎవరికీ పెద్దగా తెలియదు. పెళ్ళి చేసుకోలేదని, నది దగ్గర వీధిలో తల్లిని చూసుకుంటూ ఉండేదని, తల్లి పోయి రెండేళ్ళయిందని, ఇంతమందిని విమానం ఎక్కించింది గానీ తను ఒక్కసారీ ఎక్కలేదని తెలుసు. లాండ్రీ ఆయన సంగతి నాచో ఒక్కడికి తెలుసు. అదీ సగమే.

ఆ ఊళ్ళో నదే దేశానికి సరిహద్దు. నదికి ఇవతల ఉద్యోగం, అవతలి దేశంలో ఇల్లు ఉన్నవాళ్ళు వేలమంది. మధ్యలో వంతెన. వంతెన మీద గంటల తరబడి నిలబడక్కర్లేకుండా త్వరగా దాటే వరస ఒకటుంది. వేలిముద్రలు తీసుకుని, పాత చరిత్ర అంతా తవ్వి, ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, ఇతను నమ్మదగిన ప్రయాణికుడని తేల్చుకున్నాక ప్రభుత్వం ఒక కార్డు ఇస్తుంది. అది ఉంటే ఆ వరసలో పోవచ్చు. ఊళ్ళో దాన్ని వంతెన కార్డు అంటారు. విమానాశ్రయంలో గుర్తింపుగానూ అది చెల్లుతుంది. ఆ సంగతి చాలామందికి తెలియదు. పదమూడేళ్ళ కిందట దెల్ఫీనాకూ తెలియదు. బ్యాగులు తడిమే పని నుంచి ఆమెను ఈ బల్ల దగ్గరికి మార్చి అప్పటికి వారమే అయింది.

ఆ సోమవారం పొద్దున పొడుగాటి మనిషి ఒకడు చొక్కా జేబులోంచి ఆ కార్డు తీసి ఇచ్చాడు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా. గోళ్ళ సందుల్లో మాత్రం ఎంత కడిగినా పోని గ్రీజు.

"ఇది వంతెన దగ్గర చూపించుకోండి. ఇక్కడ లైసెన్సు కావాలి," అంది దెల్ఫీనా.

"మీ వెనక గోడ మీద కాగితం ఉంది మేడమ్. పైనుంచి నాలుగో వరస చూడండి."

ఆమె తిరిగి చూసింది. చెల్లుబాటయ్యే కార్డుల జాబితా అది. నాలుగో వరసలో ఆ కార్డు ఉంది. ఆమె చెవులు వేడెక్కాయి. అతను నవ్వుతాడని, పై అధికారిని పిలవమంటాడని అనుకుంది.

"నేనూ పోయిన వారమే చదివాను లెండి. వరసలో నిలబడి ఏమీ తోచక," అన్నాడతను. కార్డు తీసుకుని వెళ్ళిపోయాడు.

అతని పేరు బెలిసారియో ఓచోవా. హోటళ్ళలో దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే పెద్ద యంత్రాలు బాగుచేసే పని. సోమవారం ఏడింటి విమానానికి డాలస్ వెళ్ళి శుక్రవారం తిరిగొస్తాడు. ఇల్లు వంతెన అవతల. తెల్లవారకముందే వంతెన దాటి వస్తాడు కాబట్టి ఆ కార్డు అప్పటికే జేబులో పైన ఉంటుంది. ఇదంతా ఆమెకు ఒక్కరోజులో తెలియలేదు. సోమవారానికి ఒక ముక్క చొప్పున తెలిసింది. భార్య పోయిందని ఒక సోమవారం, కూతురు నర్సు చదువుతోందని ఒక సోమవారం. వచ్చినప్పుడల్లా కార్డు చాపి "నాలుగో వరస, మేడమ్" అనేవాడు. "చూశాను," అనేది ఆమె. "ఇవాళ కూడా చెల్లుతుందా?" "చూడాలి." అంతే. ఇరవై క్షణాలు పట్టేది. పదేళ్ళు అలాగే గడిచాయి. సోమవారాల్లో దెల్ఫీనా చెవులకు చిన్న ముత్యాల కమ్మలు పెట్టుకొస్తోందని కనిపెట్టింది నాచోయే.

మూడేళ్ళ కిందట మే నెలలో ఒక సోమవారం అతని వెనక ఎవరూ లేరు.

"ఇంతమందిని పంపిస్తారు కదా, మీరెప్పుడైనా ఎక్కారా?" అని అడిగాడు.

"లేదు."

"సముద్రం చూశారా?"

"టీవీలో చూశాను."

అతను కార్డు జేబులో పెట్టుకున్నాడు గానీ కదల్లేదు. "శాన్ డియేగో ఇక్కణ్ణించి రెండు గంటలు. శనివారం పొద్దున వెళ్తే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. టికెట్లు కొనలేదు. మిమ్మల్ని అడక్కుండా ఎలా కొంటాను? ఆలోచించుకోండి. వచ్చే సోమవారం చెప్పండి."

ఆ వారమంతా ఆమె ఆలోచించింది. తల్లి మంచం మీద ఉందనుకుంది. కానీ చెల్లెలు రెండు వీధుల అవతలే ఉంది. "శనివారం అమ్మ దగ్గర నేనుంటాలే, నువ్వెళ్ళు, ఒక్కరోజన్నా గాలి పీల్చుకో," అని చెల్లెలు తనంతట తనే అంది. నలుగురూ నవ్వుతారనుకుంది. ప్రయాణికుడితో తిరిగితే ఉద్యోగానికి ముప్పేమో అనుకుంది. అలాంటి నియమమేమీ లేదని ఆమెకు తెలుసు. యాభై ఆరేళ్ళు వచ్చాక ఒకరి పక్కన కూర్చుని రెండు గంటలు ఏం మాట్లాడాలో తెలియదు. అసలు భయం అదే. ఇరవై క్షణాలైతే చాతనవును.

సోమవారం పొద్దున నాచోతో పని మార్చుకుంది. "తల నొప్పిగా ఉంది, ఇవాళ మొహాలు చూడలేను," అని చెప్పి, తను వెళ్ళి సామాన్ల తెర ముందు కూర్చుంది.

ఆరున్నరకు అతను వచ్చాడు. బల్ల దగ్గర నాచోను చూసి, అటూ ఇటూ చూశాడు. ఆమె తెర వెనక తల దించుకుంది. కాసేపటికి అతని సంచి తెర మీదికి వచ్చింది. కళ్ళజోడు డబ్బా, పళ్ళ బ్రష్షు, మడిచిన బట్టలు. వాటి పైన, నలగకుండా జాగ్రత్తగా పెట్టిన గుండ్రటి నీడ. అంచు చుట్టూ సన్నటి తీగ, ఒక పక్క పూవులాంటి ముడి. ఆడవాళ్ళు ఎండకు పెట్టుకునే గడ్డి టోపీ.

దెల్ఫీనా మీట నొక్కింది. పట్టా కదిలింది. సంచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అతను ఏ వరస ఖాళీగా ఉంటే అందులో వెళ్ళేవాడు. ఆమె బల్ల దగ్గరికి వచ్చినప్పుడు "శుభోదయం, మేడమ్" అనేవాడు. నాలుగో వరస మాట ఎత్తలేదు. ఆమె ఎత్తుదామని ప్రతిసారీ అనుకునేది. తల్లి పోయాక ఒక సోమవారం, "ఈ శనివారం ఖాళీగానే ఉన్నాను," అనే మాటను ఇంటి దగ్గర అద్దం ముందు నిలబడి గట్టిగా అని చూసుకుంది కూడా. అతను ఎదురుగా వచ్చాక, "కెమెరా వైపు చూడండి," అంది. ఏడాది కిందట అతను రావడం మానేశాడు. పని మానేసి ఇంటి దగ్గర హాయిగా ఉన్నాడనుకుంది.

విరామం అయ్యాక దెల్ఫీనా మళ్ళీ కుర్చీ ఎక్కింది. గురువారం కావడంతో రద్దీ తక్కువ. తొమ్మిది కావస్తుండగా నలభై ఏళ్ళ లోపు ఆడమనిషి ఒకామె వచ్చింది. పొడుగ్గా ఉంది. చంకలో గుడ్డసంచి, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. కార్డు తీయడానికి కూడా సంచిని కింద పెట్టలేదు. ఒంటి చేత్తో తడుముకుని చాపింది. వంతెన కార్డు.

నోయెమీ ఓచోవా.

దెల్ఫీనా కార్డును యంత్రంలో పెట్టింది. తెర మీద మొహం వచ్చింది. ఆ కనుబొమలు ఆమెకు తెలుసు.

"ఇది చెల్లుతుంది కదండీ?" అందామె. నవ్వబోయి ఆగిపోయింది. "మా నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. ఇక్కడ ఒకావిడ ఇది చెల్లదు పొమ్మందట. నాన్న గోడ మీద నాలుగో వరస చూపించాడట. ఎవరొచ్చినా ఆ కథే. అమ్మ పోయాక ఇంట్లో ఆయన నవ్వుతూ చెప్పిన కథ అదొక్కటే."

దెల్ఫీనా కార్డును యంత్రంలోంచి తీసి పట్టుకుంది.

"ఫిబ్రవరిలో పోయాడు. సంచిలో పెట్టె ఉంది. అందులో ఉన్నది ఆయనే," అంది నోయెమీ, మామూలు గొంతుతో. "సముద్రంలో కలపమన్నాడు. మూడేళ్ళ కిందట ఒక్కడే వెళ్ళి చూసొచ్చాడు. ఎలా ఉంది నాన్నా అంటే, బాగానే ఉంది గానీ ఒక్కడే చూసేది కాదు అన్నాడు." ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక రోజు అడిగాడు, నేనిక సోమవారాలు రానని ఆవిడకి ఎవరు చెబుతారు, అని. మందు మత్తులో అన్నాడేమో. కానీ ఎలాగూ ఇటే వెళ్తున్నాను కదా, కనుక్కుందామని. ఆవిడ ఇంకా ఇక్కడే పనిచేస్తున్నారా? మీకు తెలుసా?"

వెనక ఎవరో దగ్గారు. పెట్టె చక్రాలు కిర్రుమన్నాయి. నేనే, అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట దెల్ఫీనా గొంతు దాకా వచ్చింది. దాని వెంటే ఆ తర్వాత అడగబోయే ప్రశ్నలూ, చెప్పుకోవాల్సిన సమాధానాలూ వచ్చి అడ్డం పడ్డాయి.

"లేదమ్మా," అంది. "ఆవిడ ఎప్పుడో మానేసింది."

"అయ్యో," అంది నోయెమీ. సంచిని ఇంకాస్త దగ్గరికి తీసుకుని, "పోన్లెండి," అంది.

"కళ్ళజోడు..." అని ఆగింది దెల్ఫీనా. నోయెమీకి కళ్ళజోడు లేదు. "సరే, వెళ్ళండి."

ఆ తర్వాత వచ్చిన వాళ్ళ మొహాలు ఆమె చూసిందో లేదో ఆమెకే తెలియదు. తల ఊపుతూనే ఉంది. వెనక నుంచి నాచో గొంతు వినిపిస్తోంది. ఎప్పుడూ అరుస్తూ ఉండే మనిషి ఇప్పుడు మెల్లిగా మాట్లాడుతున్నాడు. "తెరవమని అడగనమ్మా. తెరవకూడదు. ఇలా తట్టలో పెట్టండి చాలు. నేను పట్టుకుంటాను. ఆ, మెల్లిగా."

తొమ్మిదిన్నరకు వేరే ఉద్యోగి వచ్చి బల్ల దగ్గర ఆమె చోటు తీసుకుంది. దెల్ఫీనా నీళ్ళు తాగలేదు, కూర్చోలేదు. లోపలి పొడవాటి దారి వెంట నడిచింది. పట్టేసిన మోకాళ్ళతో వీలైనంత వేగంగా, చివర్లో దాదాపు పరుగున వెళ్ళింది. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. ఈసారి ఆలోచించుకుంటే చెప్పలేనని తెలుసు.

విమానం ఎక్కే ఏడో ద్వారం దగ్గర కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. అక్కడి ఉద్యోగిని వరసకు కట్టిన తాళ్ళు చుడుతోంది.

"శాన్ డియేగో?" అంది దెల్ఫీనా, ఆయాసపడుతూ.

"ఇప్పుడే తలుపు వేసేశామండీ. ఏమన్నా సమస్యా? ఆపించాలా?"

నీలం చొక్కా వేసుకున్న మనిషి ఆపమంటే ఆపుతారు. దెల్ఫీనా అద్దంలోంచి చూసింది. విమానం వెనక్కి జరుగుతోంది. ముక్కు మెల్లిగా పక్కకి తిరిగింది.

"లేదు," అంది. "ఏమీ లేదు."

అది లేచి కొండల మీదుగా పడమటికి మళ్ళి కనుమరుగయ్యేదాకా ఆమె అద్దం దగ్గరే నిలబడింది.

తిరిగి వచ్చేసరికి నాచో ఒక తట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఆ పొడుగమ్మాయి మర్చిపోయింది. పెట్టె కింద పరిచిన గుడ్డ. పెట్టె ఎత్తుకుని సంచిలో పెట్టుకుంది గానీ ఇది చూసుకోలేదు. నీకు తెలిసినావిడా? చాలాసేపు మాట్లాడింది."

"వాళ్ళ నాన్న తెలుసు."

"ఎవరు?"

"లాండ్రీ ఆయన."

నాచో తట్టను బల్ల మీద పెట్టాడు. చేతి తొడుగులు ఒక్కొక్కటే తీశాడు. "పోయాడా?" అన్నాడు చివరికి.

ఆమె తల ఊపింది. మర్చిపోయిన వస్తువులకు కట్టే చీటీ తీసి, తేదీ వేసి, సమయం వేసి, వస్తువు అన్న చోట "తెల్ల తువ్వాలు, ఒకటి" అని రాసింది. సొంతదారు అన్న గడి దగ్గర కలం ఆగింది. ఆ గడిని ఖాళీగా వదిలేసి చీటీని తట్టలో పెట్టింది.

ఏదో హోటల్‌ది, ఉతికి ఉతికి పలచబడ్డ తువ్వాలు. మూలన కుట్టిన పేరు చదవలేనంతగా వెలిసిపోయింది. నాలుగు మడతల మీద, సరిగ్గా మధ్యలో, పెట్టె ఆనిన చోట నలుచదరపు గుంట ఇంకా పూడలేదు.