కలిసొచ్చిన కేబులు

నేను ఒక రాగి కేబులుని. బండిలో ఆల్టర్నేటర్ తయారుచేసే కరెంటుని బేటరీకి చేరవేయడం నా ఉద్యోగం. లావులో చిటికెన వేలికన్నా సన్నం. సన్నమని నేనెన్నడూ సిగ్గుపడలేదు. నా ఒంటికి తగ్గ పని ఇచ్చి చూడండి, నాకన్నా బుద్ధిగా చేసేవాళ్ళు దొరకరు. కానీ నన్ను కొన్న మనిషి నా కొలత చూడలేదు, నా జాతకం చూశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పాత బిందెలూ గంగాళాలూ కరిగించి, ఆ రాగిని సన్నటి బెజ్జాల్లోంచి లాగి, పోగుల్ని మెలిపెట్టి నన్ను చేశారు. చేసినవాళ్ళు ఊరుకున్నారా? ఊపిరాడకుండా పైన ఎర్రటి తొడుగొకటి బిగించారు. పుట్టిన పూటే బందీనయ్యానన్నమాట. బెజవాడలో ఒక కొట్లో చుట్టగా పడుంటే, కైకలూరు దగ్గర చేపలు తోలుకునే నాంచారయ్య వచ్చి తన ఆటో కోసం కొనుక్కుపోయాడు.

నన్ను బిగించిన సాయంత్రమే ఆ ఆటో కాలవలో పడింది. అడ్డమొచ్చిన గేదెని తప్పించబోయి ఆయనే తిన్నగా నీళ్ళలోకి దింపాడు. ట్రాక్టరు పెట్టి పైకి లాగి తాళం తిప్పితే, బండి ఒక్క దెబ్బకి స్టార్టయింది. మనిషికి గోరంత గాయం లేదు. ఇంజన్లోకి నీళ్ళు పోకపోవడం బండి అదృష్టం, ఈత రావడం ఆయన అదృష్టం. మధ్యలో నేనేం చేశాను చెప్పండి? అయినా ఆ రోజు బండిలో కొత్తగా చేరింది నేనే కదా! "ఈ కేబులు మనకి కలిసొచ్చిందే," అన్నాడు భార్య తిరపతమ్మతో. నాకు పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఆ బొట్టే నా కొంప ముంచింది.

మా వైపు బళ్ళవాళ్ళకి ఒక అలవాటుంది. కలిసొచ్చిన బండిని అమ్మేసినా, అందులోంచి ఏదో ఒక సామాను ఊడదీసి కొత్త బండిలో పెట్టుకుంటారు. ఒకరు హారను, ఒకరు అద్దం, ఒకరు దేవుడి బొమ్మ. వాటితో ఎవరికీ నష్టం లేదు. నాంచారయ్య మాత్రం వెతికి వెతికి నన్ను ఊడదీశాడు.

కొత్తది మినీ లారీ. వెనక పెద్ద నీళ్ళతొట్టి. తొట్టిలో చేపలకి గాలి కొట్టడానికి మోటార్లు, ఆ మోటార్లకి బేటరీలు, వాటిని నింపడానికి అంబులెన్సులకి పెట్టే రకం పెద్ద ఆల్టర్నేటర్. ఈ ఆర్భాటమంతా తిరపతమ్మ చేపల కోసం. ఆమె ఏళ్ళ తరబడి ఎవరి హేచరీలోనో చేపపిల్లల్ని కవర్లలో పోసే పనికి వెళ్ళింది. ఎప్పటికైనా సొంత హేచరీ పెట్టాలని ఒక చిన్న చెరువులో తల్లి బొచ్చె చేపల్ని పెంచుకుంది. గట్టు మీద ఆమె అడుగు పడితే చాలు, అవి ఒడ్డుకొచ్చేవి. ఇప్పుడు చెరువుగలాయన దాన్ని రొయ్యల చెరువు చేస్తానన్నాడు. కృష్ణ దాటి రేపల్లె వైపు ఆమె అన్నగారి స్థలంలో కొత్త చెరువు తవ్వించారు. చేపల్ని అక్కడిదాకా ప్రాణంతో చేర్చాలి. చేరకపోతే ఆమె మళ్ళీ కవర్లు పట్టుకోవాల్సిందే.

వైరింగు పని కరీముల్లాకి అప్పగించారు. నన్ను చూడగానే అతను మొహం చిట్లించాడు.

"నాంచారయ్య గారూ, ఇది ఆటోకి సరిపోయే తీగండీ. నలభై ఆంపియర్లు మోస్తది. ఆ మిషను నూటయాభై పోస్తది. పైగా బేటరీలు ఎనక్కెళ్ళాయి, దూరం పెరిగింది. దూరం పెరిగేకొద్దీ తీగ ఇంకా లావుండాల. బొటనవేలంతది ఏద్దాం."

"అన్నీ నీ ఇష్టవే కరీముల్లా, అది మాత్రం ఉండాల్సిందే. కలిసొచ్చింది."

నేను ఎంత గింజుకున్నా వినేవాడెవడు? పోనీ, వెనకదాకా చాలనంత పొట్టిదాన్ని కదా, బతికిపోయాననుకున్నాను. అయ్యో, వీళ్ళు అంత తేలిగ్గా వదుల్తారా! బేరం కుదుర్చుకున్నారు. ఆల్టర్నేటర్ దగ్గర నేను, నా తోకకి అతుకేసి అక్కణ్ణుంచి వెనకదాకా లావుపాటి కేబులు. కరీముల్లా మనసొప్పక మూడుసార్లు తల అడ్డంగా ఊపాడు గానీ, చేతులు ఆపలేదు. తిరపతమ్మ ఆ అతుకు చూసి కరీముల్లాతో, "తూము సన్నదైతే కాలవ వెడల్పుగా ఉండి ఏం లాభం అన్నయ్యా?" అంది. "నీళ్ళ సంగతి వేరు, కరెంటు సంగతి వేరు," అన్నాడు నాంచారయ్య. వేరేం కాదు మహానుభావా! వెనక ఎంత లావు తగిలించినా కరెంటుకి దారి నా లావంతే.

బయల్దేరిన ఉదయం నాంచారయ్య నాకు దణ్ణం పెట్టి, కేబిన్లో అగరొత్తులు గుచ్చాడు. తిరపతమ్మ లారీ ఎక్కి తొట్టి పక్కనే నిలబడింది. ఇంజను వేగమందుకుంది. ఆల్టర్నేటర్ తన దగ్గరున్నదంతా నా నెత్తిన కుమ్మరించింది. ఇటు ఇనప క్లిప్పు, అటు అతుకు, పైన తొడుగు. నేనెక్కడికి పోను? పోగు పోగునా మండిపోయాను. తొడుగు మెత్తబడి కమురు కంపు కొట్టింది. అరవలేనిదాన్ని, ఆ కంపే నా అరుపు. అదీ అగరొత్తుల్లో కలిసిపోయింది. "ఇయ్యాల అగరొత్తులు ఘాటుగా ఉన్నాయే," అనుకున్నాడు మా డ్రైవరు గారు.

వెనక మోటార్లకి బలం చాలకుండా పోయింది. తొట్టిలో బుడగలు సన్నబడ్డాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. తిరపతమ్మ కేబిన్ మీద దబదబ బాదింది.

"మావా, ఆపు! గాలి లేదు, చచ్చిపోతన్నయ్యి!"

నాంచారయ్య బండాపి, ముందు భాగం ఎత్తి, "నా తల్లీ, నువ్వే కాపాడాల," అంటూ నన్ను నిమిరాడు. వేళ్ళు చుర్రుమన్నాయి. అబ్బా అని చెయ్యి విదిలించి, అప్పుడు చూశాడు కరిగి కారుతున్న నా తొడుగుని. ఇంజను ఆపేసి కరీముల్లాకి ఫోను చేశాడు. అతను కొత్త కేబులు వేసుకుని మోటారుసైకిలు మీద రావాలి.

అంతదాకా చేపలు ఆగాలి కదా! తిరపతమ్మ చీర ఎగదోపి తొట్టిలోకి దూకింది. బొక్కెనతో నీళ్ళెత్తి పై నుంచి పోసింది, పళ్ళెంతో నీళ్ళని కొట్టింది. బొక్కెన కాడ ఒరుసుకుని అరచేతులు చీరుకుపోయాయి. "నా బంగారాలు, ఆగండమ్మా, పోబాకండి," అని ఏడుస్తూనే కొట్టింది. బోనెట్ కింద చచ్చుబడి పడున్న నాకు ఆ నీళ్ళ చప్పుడొక్కటే వినబడుతూ ఉంది. ఆమెకి సాయం పోలేకపోయానే అని కుమిలిపోయాను.

కరీముల్లా వచ్చి నన్ను కోసేశాడు. ఆల్టర్నేటర్ నుంచి బేటరీలదాకా అతుకు లేకుండా ఒకే లావు కేబులు బిగించాడు. ఇంజను వెయ్యగానే తొట్టి నిండా బుడగలు పొంగాయి. అప్పటికే కొన్ని తల్లి చేపలు వెల్లకిలా తేలాయి. మిగతావి కొత్త చెరువు చేరాయి.

నా పీడ విరగడైందనుకున్నారా? నాంచారయ్య నన్ను తీసుకెళ్ళి కొత్త హేచరీ గోడకి దండేసి తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించేవాడు. మండినప్పుడు కూడా అంత బాధపడలేదు నేను. మొదటి చేపపిల్లల కోసం రైతులు వచ్చిన రోజున కూడా అదే పాట అందుకున్నాడు.

"తను కాలిపోయి చేపల్ని బతికించిందండీ ఇది."

తిరపతమ్మ చేతిలో వల కింద పడేసింది. "ఆ రోజు తొట్టిలో ఉన్నదెవరు మావా?"

"నువ్వే అనుకో, కానీ..."

"కానీ ఏంటి? చచ్చినయ్యి దానివల్ల చచ్చినయ్యి. బతికినయ్యి నా చేతులవల్ల బతికినయ్యి. ఇన్నాళ్ళలో ఆ మాట ఒక్కసారన్నా నీ నోటెంట వచ్చిందా?"

రైతులు తలలు దించుకున్నారు. నాంచారయ్య ఆమె అరచేతుల వంక చూశాడు. మచ్చలు ఇంకా నల్లగానే ఉన్నాయి. లేచి, దండతో సహా నన్ను పీకి, గుమ్మం బయట ఇనప తుక్కులోకి విసిరేశాడు.

తిరిగి లోపలికెళ్ళాక ఆయన గొంతు గొణుగుతున్నట్టు వినబడింది. "ఏంటన్నారు?" అని ఎవరో అడిగారు.

"మా ఆవిడండీ," అన్నాడు ఈసారి గట్టిగా. "చేపల్ని బతికించింది మా ఆవిడ."

ఆ మాట విన్నాకే నాకు ఊపిరాడింది.