పొయ్యి గదిలో బూట్లు

ఏటా జూలైలో, భూమికి దక్షిణ కొసన ఉన్న ఆ దేశపు శీతాకాలం సెలవులకి ఆ కుటుంబం పియెద్రా బ్లాంకా కొండమీది విడిదికి వారం రోజులు వచ్చేది. అందరికంటే ముందు లేచేది తల్లి ఎల్విరా. మాతే టీకి నీళ్లు పెట్టి, అవి కాగేలోపు కిందున్న పొయ్యి గదికి వెళ్లి, రాత్రంతా మేకులకు వేలాడి ఆరిన స్కీ బూట్లు తెచ్చేది. ఊరికే తెచ్చేది కాదు, ఒక్కో బూటులో చివరిదాకా చెయ్యి పెట్టి చూసేది.

ఆ విడిదిలో అందరూ అలా చూసుకునేవాళ్లే. పొయ్యి ఎంత మండినా, కొన్ని పొద్దుల్లో ఎవరివో ఒకరి బూట్ల నిండా మంచు కూరి ఉండేది. వాళ్లు ఆ రోజు కొండెక్కరు. పొయ్యి పక్కన చేరి, గుమ్మడికాయ కలిపి చేసిన వేడి పూరీలు తింటూ పేకాడతారు. కొండకి నువ్వంటే గిట్టడం లేదోయ్ అని మిగతావాళ్లు ఆటపట్టించి వెళ్తారు. సాయంత్రానికి మంచు కరిగితే, ఆ గది చూసుకునే ముసలి రోసెందో నీళ్లు తుడిచేవాడు.

కిందటేడు కొండ పైవాలు మీది మంచు విరిగిపడి ఎల్విరా కొడుకు నికనోర్ పోయాడు. పంతొమ్మిదేళ్లవాడు. ఆ పొద్దున వాణ్ణి పైకి రమ్మని పట్టుబట్టింది తండ్రి ఆబ్దోన్. చేతులారా చంపుకున్నానని ఆయన కుమిలి సగమయ్యాడు. బూట్ల మీద నమ్మకం కూడా పోయింది. వాడి బూట్లు పొడిగానే ఉన్నాయి కదా, మరి వాడెందుకు తిరిగి రాలేదు అనేవాడు.

ఈ ఏడు వద్దంటే వినకుండా భార్యనీ, కూతురు రాయెన్‌నీ వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషి దారిలో చనిపోతే, పోయిన చోటే చిన్న చెక్క ఇల్లు నిలబెట్టి కొవ్వొత్తి వెలిగించడం వాళ్ల ఆచారం. నెలంతా కూర్చుని ఆ ఇల్లు ఆయనే చెక్కాడు. తలుపు మీద కొడుకు పేరు రాశాడు. చివరి రోజు దాన్ని పైవాలు మీద పెట్టి రావాలని ఆయన పట్టుదల.

ఆ చివరి రోజు ఆబ్దోన్ బూట్ల నిండా మంచే.

ఎల్విరా వాటిని అలాగే తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన కిటికీ తెరిచి మంచు బయటికి ఒంపబోయాడు.

"ఒంపకు," అందామె.

"బూట్ల మాట నేను వినను. వాడివి పొడిగా ఉన్నాయి. నీ చేత్తో నువ్వే తెచ్చిచ్చావు."

ఎల్విరా కిటికీ రెక్క మూసేసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే మొగుడు దక్కడు, విప్పినా దక్కడు.

"పొడిగా లేవు," అంది. "నిండా మంచే. సోమవారం పటాలంలో చేరాల్సిన పిల్లాడు. ఒక్కరోజే మిగిలింది, మొహం చిన్నబుచ్చుకుంటాడని పొయ్యి గది మూల తొట్టిలో ఒంపేసి, పొయ్యి దగ్గర ఆరబెట్టి తెచ్చాను."

ఆబ్దోన్ ఆమె వైపు తిరిగాడు. "ఏడాదంతా నేనే చంపాననుకుంటున్నా. నువ్వు చూస్తూ కూర్చున్నావు."

"చెబితే వదిలేస్తావని భయపడ్డాను."

ఆయన బూట్లు కింద పెట్టేశాడు. కొండెక్కలేదు. రాయెన్‌ని పిల్లల వాలుకి పంపి, పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఎవరు పేకాటకి పిలిచినా వెళ్లలేదు.

మధ్యాహ్నం పైవాలు మంచు మళ్లీ విరిగిపడింది. కిటికీ అద్దాలు అదిరాయి. బయట జనం ఎవరి పిల్లల్ని వాళ్లు పేరుపెట్టి పిలుచుకున్నారు. పైన ఎవరూ లేరని రోసెందో వచ్చి చెప్పాడు.

అప్పుడు ఆబ్దోన్ లేచాడు. చెక్క ఇల్లు తీసుకుని పొయ్యి గదిలోకి వెళ్లి, మూల ఉన్న నీళ్లతొట్టి పక్కన దాన్ని నిలబెట్టాడు. రోసెందో తన బకెట్టు పక్కకి జరిపాడు. ఎల్విరా గుమ్మంలో ఆగిపోయింది.

"వాడు పోయింది పైన కాదు, ఇక్కడే," అన్నాడు ఆబ్దోన్. జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. "వెలిగించు."