బటన్ వదలని గిరక

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్లే అయింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సరిచేసుకుని చదువుకోండి. రాయడంలో నాది నత్తనడక. ఒక పేజీ నిండేలోపు పొయ్యి మీద అన్నం మాడిన రోజులున్నాయి.

నేనూ మా తోడికోడలూ కలిసి బట్టలు కుట్టే కొట్టు నడుపుతున్నాం. అన్నదమ్ములైన మా మగవాళ్లిద్దరూ ఏడాది తేడాలో కన్నుమూశాక మాకు మిగిలింది రెండు కుట్టు మిషన్లు, కత్తిరింపుల బల్ల, ఒకరికొకరం. ఆమెను ఇంటిల్లిపాదీ గిరక అంటారు. బావి గిరకలాగా ఆ నోరు తిరుగుతూనే ఉండేది. ఐదేళ్ల కింద ఒక పెద్ద జ్వరం వచ్చి చెవులు పట్టుకుపోయింది. వినిపించకపోయేసరికి మాట్లాడటమూ మానేసింది. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్లందరినీ నవ్వించే మనిషి వెనక గదిలో మిషన్ ముందుకు చేరింది. చెప్పాలనుకున్నది రాసి చూపించడం తప్ప నాకు వేరే దారి లేకపోయింది. అందుకే అరవై దాటాక పలక పట్టాను.

ఈమధ్య చెవి డాక్టరమ్మ గిరకకు కొత్తరకం చెవి మిషన్లు ఇచ్చింది. చిక్కుడు గింజంత ఉంటాయి. ఫోన్‌తో కలిసి పనిచేస్తాయి. ఏ చప్పుడు తగ్గాలో, ఏ మాట పెరగాలో ఫోన్‌లోనే సర్దుకోవాలి. "కొన్నాళ్లు పెట్టుకుని చూడండి. సరిపడకపోతే తిరిగి ఇచ్చేయండి" అంది డాక్టరమ్మ. సరిపడటమేమిటి, వారం తిరక్కుండా గిరక ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. నన్ను మాట్లాడనివ్వడం మానేసింది.

అప్పుడు మా అల్లుడు వచ్చాడు. కంప్యూటర్ల పని చేస్తాడు. మనసు వెన్న. కొత్తదంటే మాత్రం చెవి కోసుకుంటాడు.

"చిన్నత్తయ్యా, మీ ఫోన్‌లో బీటా వేస్తాను. అంటే ఇంకా పూర్తిగా బయటికి రాని సాఫ్ట్‌వేర్. అందరికన్నా ముందు మీకే."

"అంటే ఉడికిందో లేదో మా మీద పట్టి చూస్తారన్నమాట" అంది గిరక. "సరే, కానివ్వండి."

ఉడకలేదు. ఆ మర్నాటి నుంచి ఫోన్ ఆ చెవి మిషన్లను గుర్తుపట్టడం మానేసింది. వాటి యాప్ ఇలా తెరుచుకుని అలా మూసుకుపోయేది. సర్దే దిక్కు లేక అవి అన్ని చప్పుళ్లనూ ఒకే తీరున పెంచి చెవిలో పోశాయి. కుట్టు మిషన్ తిరిగితే రేకుల మీద వడగళ్లు పడ్డట్టుందని గిరక తల పట్టుకునేది. కొన్నాళ్లు ఓర్చుకుని, చివరికి తీసి డబ్బాలో పెట్టేసింది.

"శనివారంతో గడువు అయిపోతుంది కదక్కా. ఇచ్చేద్దాం. నాకు అచ్చిరాలేదు."

అంతే. మళ్లీ వెనక గది. ఆ మనిషి ఈసారి లోపలికి వెళ్తే ఇక బయటికి రాదని నాకు తెలుసు. అల్లుడికి ఫోన్ చేశాను.

"వచ్చే అప్‌డేట్‌లో బాగవుతుంది అత్తయ్యా. ఒక నెల ఓపిక పట్టండి."

"శనివారం దాటితే చెవి మిషన్లే ఉండవు నాయనా. ముందున్న దానికే తిప్పేయ్."

"తిప్పాలంటే ఫోన్ మొత్తం తుడిచెయ్యాలి."

"తుడిచెయ్."

"మీ కొట్టు కొలతలన్నీ అందులోనే ఉన్నాయి అత్తయ్యా."

నయం, బీటా వేసే ముందు ఒక కాపీ తీసి తన కంప్యూటర్‌లో దాచాడట. అది పాత సాఫ్ట్‌వేర్‌లో పడుతుంది. ఇప్పుడు కాపీ తీస్తే అది పాతదానికి పట్టదు. బీటా వేశాక ఎక్కించిన కొలతలు పోయినట్టే.

"పోతే మళ్లీ కొలుస్తాం. మనుషులు ఎక్కడికీ పోరు కదా" అన్నాను.

శుక్రవారం కంప్యూటర్ పట్టుకుని వచ్చాడు. కత్తిరింపుల బల్ల మీద గుడ్డలు తోసి చోటిచ్చాను. ఫోన్‌కు తీగ తగిలించి, పై బటన్ నొక్కి, కింది బటన్ నొక్కి, పక్క బటన్ గట్టిగా పట్టుకున్నాడు. తెర మీద కంపెనీ గుర్తు వెలిగింది. వదిలాడు. ఫోన్ మామూలుగా తెరుచుకుంది, అదే బీటాతో. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ అంతే. మధ్యలో ఆఫీసు ఫోన్లు. భుజానికీ చెవికీ మధ్య ఒక ఫోన్, చేతిలో ఒక ఫోన్.

"ఇది వెనక్కి వెళ్లనని మొండికేసింది అత్తయ్యా."

గిరక గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది. "ఇంక వదిలేయండి అల్లుడుగారూ. పోయిన చెవీ పోయిన పెనిమిటీ తిరిగి రారు."

నాకు కోపం వచ్చింది. "ఇదెలా చెయ్యాలో ఎక్కడో రాసి ఉంటుంది కదా. దాన్ని తెలుగులో పెట్టు" అన్నాను. పెట్టాడు. కంప్యూటరే తిప్పిందట. 'మీ పరికరమును బలవంతపు పునఃప్రారంభమునకు లోను చేయుడు' అని ఉంది. ఆ కంప్యూటర్ నాకన్నా ఆలస్యంగా బడిలో చేరినట్టుంది.

అల్లుడు మళ్లీ ఆఫీసు ఫోన్‌లో పడ్డాడు, నా బొటనవేలికేమో కీళ్ల నొప్పి. అందుకని గిరకను లాక్కొచ్చి కూర్చోబెట్టాను. ఏళ్లకేళ్లు కత్తెర పట్టిన వేలు తనది. మాకొక పద్ధతుంది. తను గుడ్డ కత్తిరించేటప్పుడు నేను వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేస్తాను. నేను తట్టేదాకా తన చెయ్యి ఆగదు. ఇదీ అంతేనని సైగ చేశాను. పై బటన్, కింది బటన్ అయ్యాయి. పక్క బటన్ పట్టింది. నేను ఒక చెయ్యి తన భుజం మీద వేసి, రెండో చేతి వేలు అక్షరాల కింద పెట్టి చదవసాగాను.

"గుర్తు... కని... పిం... చిన..."

గుర్తు వెలిగింది.

"వచ్చేసింది, వదలమనండి అత్తయ్యా" అన్నాడు అల్లుడు. "చిన్నత్తయ్యా, వదిలేయండి. వదిలేయండి, మళ్లీ మొదటికొస్తుంది."

గిరకకు వినపడితే కదా. నాకా, వాక్యం పూర్తికాలేదు. చుక్క చేరకుండా ఎలా తట్టను?

"కనిపించిన... ప్పటికిని... బటన్... వదల... రాదు."

అప్పటికి గుర్తు మాయమైపోయింది. దాని చోట ఒక తీగ బొమ్మ, ఒక కంప్యూటర్ బొమ్మ.

అల్లుడు నోరు తెరుచుకుని చూశాడు. "ఇదే రావాలి అత్తయ్యా. ఇంతసేపూ నేను ముందే వదిలేస్తున్నాను." తర్వాత పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

"నవ్వులు తర్వాత. తట్టవేమక్కా, వేలు విరిగిపోతోంది" అంది గిరక.

తట్టాను.

తరవాతదంతా ఎదురుచూపే. తెర మీద సన్నని గీత చీమలా పాకింది. పాత సాఫ్ట్‌వేర్ దిగింది, దాచిన కాపీ ఎక్కింది. డబ్బా తెచ్చి నేనే ఆ గింజలు గిరక చెవుల్లో పెట్టాను. యాప్ తెరిచాను. తెరుచుకునే ఉంది. గిరక లేచి తన మిషన్ దగ్గరికి వెళ్లి, చక్రం చేత్తో ఒకసారి తిప్పి, తల వంచి వింది.

"దీనికి నూనె వేసి ఎన్నాళ్లయిందక్కా?" అంది.

శనివారం నేనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, "ఉంచుకుంటున్నాం" అని కాగితం మీద నా చేత్తో సంతకం చేసి వచ్చాను.

పోయిన కొలతల కోసం కొందరిని మళ్లీ పిలవాల్సి వచ్చింది. సోమవారం ఒకావిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. గిరక టేపు పట్టుకుని వెనక నిలబడితే, ఆవిడ కూతురితో గుసగుసగా, "పోయినసారి కాలర్ వంకరగా కుట్టారే. పోనీలే, చెప్పినా ఈవిడకు వినపడదు" అంది.

"వంకర కాలర్‌ది కాదమ్మా, మీ భుజానిది" అంది గిరక టేపు తీయకుండానే. "సంచీ ఎప్పుడూ ఎడమ వైపే వేసుకుంటారు. కాస్త నిటారుగా నిలబడండి, ఈసారి భుజానికి తగ్గట్టే కుడతాను."

ఆవిడ గతుక్కుమంది. కూతురు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది. గిరక అక్కడితో ఊరుకుందా? సంచీల మీద మొదలుపెట్టి, చెప్పుల మీదికి వెళ్లి, ఆవిడ పెళ్లినాటి బట్టలదాకా పోయింది. వెళ్లేటప్పుడు ఆవిడే ఇంకో రెండు జతలు కుట్టమని చెప్పి వెళ్లింది. నేను వెనక గదిలో మిషన్ దగ్గర కూర్చుని అన్నీ వింటూ నూనె వేస్తున్నాను.

ఇట్లు,
నిదానమ్మ అని అందరూ పిలిచే నేను. వయసు అరవై ఆరు. ఉండేది కుట్టు కొట్టు మేడ మీది గదిలో, గిరకతో.