వినపడని డైలాగు

మూకీ సినిమాలో అనాథలను కాల్చుకుతినే వార్డెను వేషం, చీమకైనా హాని తలపెట్టని ఆ నటుడికి దక్కింది. ఎదురుగా నిజంగానే అనాథాశ్రమం నుంచి తెచ్చిన పిల్ల. "ఏడవ్వే!" అని డైరెక్టరు ఎంత గదమాయించినా దాని కంట నీటిచుక్క రాలేదు. తిట్లు దానికేం కొత్తా?

ఎలాగూ తెరమీద మాట వినపడదు కదా అని, కెమెరా తిరుగుతుండగా నటుడు గుడ్లురిమి, బెత్తం ఎత్తి, "అన్నం తిన్నావా తల్లీ?" అన్నాడు. పిల్ల భోరుమంది.

సినిమా ఆడిన రోజు హాల్లో ఆడవాళ్లు "వీడి చేతులు పడిపోను!" అంటూ మెటికలు విరిచారు. పెట్టుడు మీసం లేని అతన్ని ఎవరూ పోల్చుకోలేదు. పక్కనే కూర్చున్న ఆ పిల్ల మాత్రం, తెరమీద అతని పెదాలు కదలగానే, చెవిలో గొణిగింది: "తిన్నాను నాన్నా."